ముడి పడిన చోట

“పాపా, కరెంటు పోలేదు. మిషను బాగానే ఆడతా ఉండాది. మీ అత్తే పోయింది.”

నాయన ఫోన్లో చెప్పింది ఇంతే. తిరుపతిలో నేను పనిచేసే టైల్సు షాపులో అప్పుడు నా ఎదురుగా ఒక జంట కూర్చుని, బాత్రూం గోడకు నీలం బాగుంటుందా బూడిదరంగు బాగుంటుందా అని వాదించుకుంటున్నారు. కౌంటర్లో నేను తప్ప ఇంకో మనిషి లేరు. వాళ్ళు నీలానికి ఒప్పుకుని, బిల్లు తీసుకుని మెట్లు దిగేదాకా నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. వాళ్ళ ఇల్లు చల్లగా ఉండాలి గానీ, ఆ నీలం రంగును మాత్రం నేను ఇప్పట్లో క్షమించను.

నెలల తరబడి మా ఇంట్లో అందరిదీ ఒకటే భయం. చిత్తూరులో కరెంటు పోతే అత్తకు ఊపిరి అందించే మిషను ఆగిపోతుందని. ఇన్వర్టరు పెట్టించాం, సిలిండరు తెచ్చి మూల నిలబెట్టాం, లైన్‌మన్ నంబరు గోడ మీద రాసిపెట్టాం. మేము ఇన్ని తలుపులు కాపలా కాస్తుంటే ఆమె మేము చూడని తలుపులోంచి వెళ్ళిపోయింది. బతికినన్నాళ్ళూ అంతే. ఏ దారిలో వస్తుందని ఎదురుచూస్తామో ఆ దారిలో ఆమె ఎప్పుడూ రాలేదు.

అత్త మా నాయనకు అక్క. ఐరాల మొదలు పలమనేరు దాకా హైస్కూళ్ళలో డ్రిల్లు టీచరుగా పనిచేసింది. మామ చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. ఏ ఊరికి బదిలీ అయినా సైకిలు మీదే బడికి వెళ్ళేది. రిటైరయ్యాక అందరూ ఇక ఇంటిపట్టున ఉంటుందనుకుంటే, సైకిలుకు ముందూ వెనకా సంచులు కట్టుకుని, తిండీ దుప్పటీ వేసుకుని, మట్టిదారులు పట్టుకుని ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. దీన్ని బైక్‌ప్యాకింగ్ అంటారని పలమనేరు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర కలిసిన ఒక బెంగుళూరు కుర్రవాడు చెప్పాడట. “నేను చేసేదానికి పేరు గూడా ఉండాదంట పాపా” అని ఎంత మురిసిపోయిందో. అతని దగ్గరే, దారి చూపే ఒక పాత జీపీఎస్ యంత్రాన్ని తీసుకుంది. అరచేతిలో పట్టేంత, పసుపూ నలుపూ రంగు, మొద్దు బటన్లు, లోపల రెండు సన్న సెల్లులు.

ఫోన్లోనే మ్యాపు ఉంది కదా, దీనితో ఏం పని అని నేను అడిగాను. అడవి అంచున ఫోనుకు సిగ్నల్ ఉండదని, మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోతుందని చెప్పి, అసలు కారణం చివర్లో చెప్పింది. దీనికి మీ నాయన ఫోన్ చెయ్యలేడు కదా, అంది.

నేను ఆ యంత్రం జోలికి పోయేదాన్ని కాదు. స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకోవడం వల్ల పోవలసి వచ్చింది. నాయన నన్ను నేరుగా పుత్తూరు తీసుకెళ్ళాడు. మీలో పుత్తూరు కట్టు కట్టించుకున్న వాళ్ళుంటే వేరే చెప్పనక్కర్లేదు. ఎక్స్‌రే చూసి, ఎముక సరిచేసి, ఆకు పసరూ గుడ్డు సొనా పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడతారు. ఆ తర్వాత కట్టు తడవకూడదు, కాలు కదలకూడదు, మనిషి లేవకూడదు. నేనుండేది తిరుపతిలో లిఫ్టు లేని మూడో అంతస్తులో. అందుకని నన్ను చిత్తూరులో అత్త ఇంట్లో దించారు. వీధి గదిలో, కిటికీ పక్కన మంచం. మొదటి వారం నేను పైకప్పును తిట్టాను, ఫ్యానును తిట్టాను, వీధిలో హాయిగా రెండు కాళ్ళ మీద నడిచిపోయే ప్రతి మనిషినీ తిట్టాను.

అత్త ఓదార్చే మనిషి కాదు. ఏడ్చే పిల్లను గ్రౌండు చుట్టూ ఒక రౌండు కొట్టి రమ్మని పంపే రకం. నన్ను పంపడానికి లేదు కాబట్టి తానే పోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఆ యంత్రాన్ని సైకిలు హ్యాండిలుకు ట్యూబు ముక్కతో బిగించుకుని వెళ్ళేది. తిరిగొచ్చి, చెమట తుడుచుకోకుండానే దాన్ని నా ఒళ్ళో పడేసేది.

“ఈ పొద్దు నేను యాడికి పోయినానో చెప్పు.”

తెర మీద ఒక సన్న గీత ఉండేది. మనిషి వెళ్ళినంత మేరా ఆ యంత్రం చుక్కలు పెట్టుకుంటూ, వాటిని కలుపుకుంటూ పోతుంది. మొదట్లో నాకు అది కోడి కెలికినట్టు కనిపించేది. పెద్దది చేయడం, చిన్నది చేయడం, ఉత్తరం ఎటుందో చూడడం ఒక్కొక్కటే నేర్పింది. మెలికలు తిరిగితే గుట్ట ఎక్కినట్టు. గీత తిన్నగా ఉంటే తారు రోడ్డు. గీత ఒకచోట చిక్కుపడి ఉండలా కనిపిస్తే మనిషి అక్కడ ఆగినట్టు. మనం నిలబడినా యంత్రం ఊరుకోదు, ఆ చుట్టుపక్కలే చుక్కలు పెడుతూ ఉంటుంది. ఎంతసేపు ఆగితే అంత ముడి. నేను ఒక ముడిని చూపించి, ఇక్కడ గుళ్ళో కూర్చున్నావు అన్నాను. పంక్చరు షాపు అని చెప్పి, ఆ రోజుకు నాకు సున్నా వేసింది.

అలా ఆ మంచం మీంచే నేను చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను. మూడో కట్టు విప్పే నాటికి ఆమె బయల్దేరిన వేళను బట్టే ఆ ముడి టీ కొట్టా, పాత స్టూడెంటు ఇల్లా చెప్పగలిగేదాన్ని. అత్తకు అందులో గర్వం ఉండేది, కానీ బయటికి చూపించేది కాదు. సరైన జవాబు చెబితే మెడలో విజిల్‌ను ఒకసారి చిన్నగా ఊదేది. రిటైరయినా ఆ విజిల్ తీయలేదు. స్నానానికి తప్ప తీసేది కాదని నా అనుమానం.

ఒకరోజు అత్త యంత్రాన్ని ఆపడం మరిచిపోయి కిటికీ మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. సాయంత్రం చూస్తే, మంచం దిగని నేను వీధి దాటి, ఎదురింటి టైలరు షాపులోకి వెళ్ళి, వాళ్ళ నీళ్ళ తొట్టి ఎక్కి తిరిగొచ్చినట్టు గీతలున్నాయి. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. నడిచాను చూడు అన్నాను. ఇంటి లోపల ఆకాశం కనపడక అది తికమక పడుతుందని, అది తప్పుడు గీత అని చెప్పి, తుడిపెయ్యమంది. నాకు మాత్రం ఆ గీత తుడవబుద్ధి కాలేదు. అన్ని రోజుల్లో నేను గది దాటింది అదొక్కసారే.

కట్టు విప్పాక పాత సైకిలొకటి బాగు చేయించి నన్నూ ఎక్కించింది. మొదట ఇరువారం దాకా, తర్వాత కాణిపాకం దాకా, ఆ తర్వాత ఐరాల దాకా. నిలబడి యంత్రాన్ని చూస్తే తెర మీద దిక్కు చూపే బాణం ఎటంటే అటు ఊగేది. దారి తెలియక బిక్కమొగం వేస్తే అత్త వెనక నుంచి, “నిలబడితే దానికేం తెలుస్తాది? నాలుగడుగులు వెయ్, అప్పుడు చెప్తాది” అనేది. ఆ పాత యంత్రానికి మనం కదిలితేనే దిక్కు తెలుస్తుంది. నేను తిరుపతి మళ్ళీ వెళ్ళి ఉద్యోగంలో చేరినా, సెలవు దొరికితే బస్సెక్కి చిత్తూరు వచ్చేసేదాన్ని.

అత్తకు ఒక కోరిక ఉండేది. ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి, ఐరాల మీదుగా పైకెక్కి, అడవి అంచునే పలమనేరు చేరి, అక్కణ్ణుంచి దిగి మళ్ళీ గుమ్మం దగ్గరికి ఒకే చుట్టు. తాను పనిచేసిన బళ్ళన్నీ ఆ చుట్టులో ఉన్నాయి. ముక్కలు ముక్కలుగా చాలావరకు పూర్తి చేసింది. పలమనేరుకు ఇవతల అడవి అంచున ఒక్క చోట మాత్రం గీత కలవలేదు. తెర మీద ఆ చుట్టు విరిగిన చేతిగాజులా కనిపించేది. ఆ ముక్కను నాతో కలిసి పూర్తి చేయాలని తీసుకెళ్ళింది, దారి చూపే పని కూడా నాకే ఇచ్చింది.

అది ఏనుగులు తిరిగే చోటు. పంటల మీద పడకుండా ఊళ్ళవాళ్ళు పొలాల చుట్టూ సోలార్ కంచె కట్టుకుంటారు, కొన్నిచోట్ల లోతుగా కందకం తవ్వి ఉంటుంది. నేను అవతలి ఊరి పేరు నొక్కి, బాణం చూపినట్టు తిన్నగా పోయాను. కంచెలో పశువుల కోసం తెరిచి ఉంచిన, గేటులాంటి తీగ దడి దాటాం, చింతచెట్టు కింద సంగటి తిన్నాం, కాసేపు నడుం వాల్చాం. లేచి ముందుకు పోతే ఎదురుగా కందకం. ఊరు అవతల కనిపిస్తోంది, బాణం కందకం మీదుగా అటే చూపిస్తోంది. వెనక్కి తిరిగి వస్తే దడి మూసి ఉంది. ఎవరో పశువుల్ని తోలుకుని పెందలాడే ఇంటికి పోతూ తీగ తగిలించి కరెంటు పెట్టి వెళ్ళారు. కంచెకు కరెంటు పంపే డబ్బా టిక్కు టిక్కు మంటోంది. ముందు కందకం, వెనక కరెంటు తీగ, పక్కన అడవి. పొద్దు వాలుతోంది.

అప్పుడు నాకు అర్థమైంది. ఊళ్ళన్నీ కంచెకు అవతల ఉన్నాయి. మేమిద్దరమూ రెండు సైకిళ్ళూ ఏనుగుల వైపు ఉన్నాం. మళ్ళీ ఆ కిటికీ గదిలో పడినట్టే అయింది నాకు, ఈసారి గోడలు లేవు గానీ. దడి వైపూ కందకం వైపూ మార్చి మార్చి చూశాను. అత్త మాత్రం సైకిలు స్టాండు వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ప్రేయరుకు పిల్లల్ని పిలిచినట్టు విజిల్ ఊదడం మొదలుపెట్టింది. చాలాసేపు ఊదింది. చివరికి టమాటా తోటలోంచి ఒకాయన తిట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఏనుగుల్ని తోలడానికి ఫారెస్టు వాళ్ళు వచ్చారనుకున్నాడట.

“ఏనుగులు బయటుండాలని కట్టుకున్న కంచె మా ఇది. మీరు పోయి వాటి పక్కన నిలబడినారే” అని కోప్పడుతూనే తీగ తీశాడు. తోటలో మంచినీళ్ళు ఇచ్చాడు, రెండు టమాటాలు చేతిలో పెట్టాడు. మేము వచ్చిన గీత పట్టుకునే వెనక్కి వచ్చేశాం. గాజు విరిగినట్టే ఉండిపోయింది. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. దారిలో ఒకచోట ఆగి మాత్రం, “బాణం ఊరు యాడుండాదో చెప్తాది. దారి యాడుండాదో మనుషుల్నే అడగాల” అంది.

ఆ తర్వాత అత్తకు దగ్గు మొదలైంది. దుమ్ము అనుకున్నాం. తిరుపతిలో పెద్ద డాక్టరు ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, వెనక్కి తిప్పే మందు లేదని చెప్పాడు. కొన్నాళ్ళకే గాలి మిషను ఇంట్లోకి వచ్చింది. రిక్షా తోలేవాడి దగ్గర కూడా దారి అడిగి పరిచయం చేసుకునే మనిషి, ముక్కుకు ట్యూబు పెట్టుకుని వీధి గదిలో, నా పాత మంచం మీదే కూర్చుంది. ట్యూబు వంటింటి గుమ్మం దాకా వచ్చేది, వీధి గడప దాకా వచ్చేది. అంతే. అక్కడ నా చేత సుద్దతో గీత గీయించింది, కబడ్డీ కోర్టుకు గీసినట్టు. ఆ గీత దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. వీధిలోకి ఒక అడుగు వేయాలంటే ముక్కులోంచి ట్యూబు తీయాలి. ఒకసారి తీసి, ఒక అడుగు వేసి, పెదాలు నల్లబడి నాయన చేతుల్లో పడింది.

ఇప్పుడు గీతలు తేవడం నా వంతు అయింది. ఆదివారం ఆమె సైకిలేసుకుని తిరిగి వచ్చి యంత్రం ఒళ్ళో పెట్టేదాన్ని. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివేది. మొదట్లో నేను ఊరు దాటేదాన్ని కాదు. పాలప్యాకెట్టుకు పోయినట్టుండాది అని ఎగతాళి చేసేది. చుట్టు గురించి మాత్రం ఏమీ అనలేదు. కానీ యంత్రం నా చేతికి ఇచ్చిన ప్రతిసారీ తెర మీద ఆ విరిగిన ముక్కే పెద్దదిగా పెట్టి ఉండేది. అది చూసి చూడనట్టు నేను బటన్ నొక్కేదాన్ని. ఆ కంచె దగ్గరికి మళ్ళీ పోవాలంటే నాకు భయం. ఇక్కడేమో ఆమె మాటకూ మాటకూ మధ్య విరామం పెరుగుతోంది. పోతే ఆమె ఉండగానే పోవాలి. లేకపోతే ఆ గీత ఎవరికి చూపించను?

చివరికి షాపులో సెలవడిగి చిత్తూరు వచ్చి, యంత్రం తీసుకుని, సైకిలును బస్సు మీద వేయించి వెళ్ళాను. పొద్దున్నే ఆ దడి దగ్గరికి చేరాను. దడి తెరిచే ఉంది. నా కాళ్ళు మాత్రం కదల్లేదు. టమాటా తోట ఆయన గుర్తుపట్టి, ఈసారి విజిలమ్మ రాలేదా అని అడిగాడు. రాలేదన్నాను. దడి జోలికి పోవద్దనీ, చెరువు కట్ట ఎక్కి పోతే కందకం చుట్టి ఊళ్ళోకే దారి ఉందనీ చెప్పాడు. ఎప్పుడో అడిగి ఉంటే ఆ రోజే చెప్పేవాడు. కట్ట మీద ఎంత దూరం పోయానో, ఎక్కడ దిగానో నాకు సరిగా గుర్తు లేదు. తెర మీద రెండు గీతల కొనలు ఒకదానికొకటి దగ్గరవుతూ తాకిన చోట మాత్రం ఒక బెల్లం గానుగ ఉంది. అక్కడివాళ్ళు పాకం రుచి చూడమని ఇచ్చారు. నోరు కాలింది.

సాయంత్రానికి ఇల్లు చేరి యంత్రం అత్త చేతిలో పెట్టాను. ఆమె చుట్టు మొత్తం వేలితో తడిమింది, గుమ్మం నుంచి గుమ్మం దాకా. మధ్యలో వేలు ఆగింది.

“ఈడ ముడి పడినాదే.”

దారి అడగడానికి ఆగానన్నాను.

“అడిగేదానికి ఇంత ముడి పడదు పాపా.” కాసేపు గాలి పీల్చుకుంది. “ఆ తావ ఆ పొద్దు నాకూ భయమయింది. విజిల్ ఊదతా ఉంటే నోరు ఎండిపోయింది. నువ్వు నన్ను సూస్తాండావని గమ్మునుండినాను.”

మెడలో విజిల్ పెదాలకు ఆనించింది. ఊదడానికి ఊపిరి లేదు. చిన్న గాలి చప్పుడు వచ్చింది, అంతే. అది నాకు పడిన మార్కు. నేను ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది, కానీ ఏడిస్తే ట్యూబు తడుస్తుందని నన్నే కసురుకుంది. నాకు నడక రెండోసారి నేర్పింది పుత్తూరు కాదు, అత్తే. ఆ మాట ఆమెతో చెప్పాను. వినపడనట్టు నటించింది.

ఆ రోజు నుంచి యంత్రాన్ని నా దగ్గర ఉంచమని నేనెంత చెప్పినా అత్త వినలేదు. కిటికీ మీద పెట్టుకుంది. సెల్లులు అయిపోతే నాయనను తరిమి కొత్తవి తెప్పించుకునేదట. దాంతో ఏం చేస్తావక్కా అని ఆయన అడిగితే, శాటిలైట్లు చూస్తాండా అందట.

దినాలు అయిపోయిన మర్నాడు ఇల్లు సర్దుతున్నాం. గాలి మిషను తీసుకుపోయారు. దాని చప్పుడు లేక గది పెద్దదైనట్టు ఉంది. గడప దగ్గర సుద్ద గీత వచ్చిపోయేవాళ్ళ కాళ్ళ కింద సగం చెరిగింది. కిటికీ మీద యంత్రం సెల్లులు అయిపోయి అలాగే ఉంది. కొత్తవి వేసి ఆన్ చేశాను.

తెర నిండా ముడి. అంత పెద్ద ముడి నేను ఎప్పుడూ చూడలేదు. రోజుల తరబడి ఒకేచోట పడిన చుక్కలు. ఇంటిని కప్పేసి, వీధి దాటి, టైలరు షాపులోకి వెళ్ళి, వాళ్ళ నీళ్ళ తొట్టి మీంచి తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళి. ఒక్క గీత ఎందుకో మెయిన్ రోడ్డు దాకా పోయి వచ్చింది. తప్పుడు గీతలని నాకు తెలుసు. చదవడం నేర్పింది ఆమే. ఆకాశం కనపడక యంత్రం పడిన తికమక తప్ప అందులో ఇంకేమీ లేదు. తుడిపెయ్యమని ఆమె గొంతు కూడా వినిపించింది. బటన్ నొక్కాను. తుడిచెయ్యాలా వద్దా అని తెర అడిగింది. వద్దు అని నొక్కాను.

కొత్త సెల్లులు పడగానే యంత్రం ఆ గీతనే మళ్ళీ గీయడం మొదలుపెట్టింది, ఆపమని దానికి ఎవరూ చెప్పలేదు. హ్యాండిలుకు ట్యూబు ముక్కతో బిగించాను. సైకిలు గడప దాటించడానికి నాయన ఒక చెయ్యి వేశాడు. వాకిట్లో నిలబడి చూస్తే బాణం ఎటూ తేల్చుకోలేక ఊగుతోంది. నాలుగడుగులు వేశాను. ఊగడం ఆగింది. తెర మీద, ఆ పెద్ద ముడిలోంచి ఒక సన్న గీత విడివడి, సుద్ద గీసిన చోటు దాటి, వీధి మలుపు వైపు తిన్నగా సాగుతోంది.